ముందు స్టెరాయిడ్ వేసి చూడాలా, స్కోప్ వేయించాలా? కుక్కల్లో ఎండోస్కోపీ, బయాప్సీ గురించి

మీరు రాసిన వివరాలు ముందు ఒకచోట పెడతాను, మిగతా చదివేవాళ్లకూ తెలియాలి కాబట్టి. ఐదేళ్ల మగ జర్మన్ షెపర్డ్. రెండు నెలలుగా విరేచనం పల్చగా అవుతోంది, వారానికి రెండు మూడుసార్లు వాంతి. 34 కిలోలు ఉండేవాడు 27కి దిగాడు. మెట్రోనిడజోల్ రెండు కోర్సులు అయ్యాయి. వేసినన్నాళ్లు తగ్గడం, ఆపగానే మళ్లీ మొదలు. రక్తంలోని ప్రోటీన్లు రెండూ తక్కువే: ఆల్బుమిన్ డెసిలీటరుకు 1.8 గ్రాములు, గ్లోబ్యులిన్ 1.9. అల్ట్రాసౌండ్‌లో పేగు గోడ కొంచెం మందంగా ఉందన్నారు, గడ్డ ఏమీ కనిపించలేదు. ఒక డాక్టరుగారు ఎండోస్కోపీ (కెమెరా గొట్టంతో పేగు లోపల చూడటం), బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేయిద్దామన్నారు. ఇంకొకరు ముందు స్టెరాయిడ్ వేసి చూద్దామన్నారు. మీకు మత్తు అంటే టెన్షన్, ఇంట్లో పెద్దవాళ్లకు ముక్క తీస్తే జబ్బు పాకుతుందని భయం.

కుక్కలకే వైద్యం చేస్తూ, స్కోప్ చేత్తో పట్టుకుని చాలా ఏళ్లుగా పనిచేస్తున్నవాడిగా నా మాట ఇది: మీ వాడికి స్కోప్ వేయించాల్సిందే, అదీ స్టెరాయిడ్ కంటే ముందే. అయితే రేపే కాదు. దానికి ముందు ఒక వారం పని ఉంది. ఆ పని సరిగ్గా చేస్తే బయాప్సీకి విలువ ఉంటుంది, చేయకపోతే డబ్బు ఖర్చయి, 'పేగులో వాపు ఉంది' అన్న ఒక్క ముక్క కాగితం మీద మిగులుతుంది.

మీ రిపోర్టులో నన్ను ఆపింది ఆ రెండు అంకెలు. ఆల్బుమిన్ ఒక్కటే తగ్గితే లివరా, కిడ్నీయా అని వెతుకుతాం. ఆల్బుమిన్, గ్లోబ్యులిన్ రెండూ కలిసి తగ్గాయంటే ప్రోటీన్ పేగు గుండా కారిపోతోందన్న అనుమానం బలపడుతుంది. మన దగ్గర ఇక్కడ ఒక చిక్కుంది. టిక్ ఫీవర్ మన ప్రాంతాల్లో ఎంత ఎక్కువో మీకు తెలుసు. ఆ జ్వరం తెచ్చే ఎర్లీకియా అనే బ్యాక్టీరియా చాలాకాలంగా ఒంట్లో ఉంటే గ్లోబ్యులిన్ పెరుగుతుంది, ఆల్బుమిన్ తగ్గుతుంది. అదే కుక్కకు పేగు జబ్బు కూడా ఉంటే పెరిగేదీ కారిపోయేదీ కలిసి గ్లోబ్యులిన్ మామూలుగా కనిపించి మనల్ని మోసం చేస్తుంది. మీ వాడికి 1.9 ఉంది కాబట్టి ఆ అయోమయం లేదు. అయినా ప్లేట్‌లెట్ల లెక్క చూడకుండా ఎవరినీ ముక్క తీయనివ్వకండి. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయిన కుక్కకు బయాప్సీ చేస్తే రక్తం ఆగడం కష్టమవుతుంది.

ఈ వారంలో చేయించాల్సినవి చెప్తాను. మూత్రంలో ప్రోటీన్, క్రియాటినిన్ నిష్పత్తి, కిడ్నీ గుండా పోవడం లేదని తేల్చుకోవడానికి. బైల్ ఆసిడ్స్, లివర్ కోసం. మల పరీక్ష వేర్వేరు రోజుల్లో తీసిన నమూనాలతో, జియార్డియా, కొంకిపురుగుల కోసం. ఒక్కసారి చూసి లేవంటే నమ్మలేం. విటమిన్ బి12. ఇది తక్కువుంటే ఎంత మంచి వైద్యం చేసినా కుక్క కోలుకోదు, ముందు అది ఎక్కించాలి. ఇక కార్టిసాల్, అంటే అడ్రినల్ గ్రంథుల హార్మోన్. దీన్ని చాలామంది వదిలేస్తారు. ఆ హార్మోన్ తక్కువయ్యే అడిసన్స్ జబ్బు అచ్చం పేగు జబ్బులాగే వాంతులు, విరేచనాలు, బరువు తగ్గడంతో కనిపిస్తుంది, కొన్నిసార్లు ఆల్బుమిన్ కూడా తగ్గిస్తుంది. ఒక్క రక్తపరీక్షలో కార్టిసాల్ డెసిలీటరుకు 2 మైక్రోగ్రాముల పైన ఉంటే ఆ అనుమానం దాదాపు కొట్టేయొచ్చు. తక్కువుంటే అప్పుడు ఇంజెక్షన్ ఇచ్చి చేసే రెండో పరీక్ష. అడిసన్స్ అని తేలితే స్కోప్ అవసరమే రాదు. అయితే ఈలోపు స్టెరాయిడ్ పడితే ఈ పరీక్ష చెడిపోతుంది.

జర్మన్ షెపర్డ్ అనగానే క్లోమరసం తయారు కాని జబ్బు, అంటే ఇ.పి.ఐ., గుర్తుకు రావాలి. దానికి టి.ఎల్.ఐ. అనే రక్తపరీక్ష ఉంది, అన్ని ల్యాబుల్లో దొరకదు. ఆ జబ్బున్న కుక్క ఎంత పెట్టినా ఇంకా కావాలంటుంది, విరేచనం కుప్పలుగా అవుతుంది, ఆల్బుమిన్ మాత్రం సాధారణంగా ఇంత కిందికి పోదు. అందుకే మీ వాడి విషయంలో నాకు దానిమీద పెద్ద అనుమానం లేదు. అయినా జాతి చూసి ఒకసారి అడగండి.

తిండి సంగతి. పాత పేగు జబ్బుల్లో తిండి మార్చడంతోనే బాగుపడేవి చాలా ఉంటాయి. మార్పు తెలియడానికి నెలలు అక్కర్లేదు, సాధారణంగా రెండు వారాల్లోనే కనిపిస్తుంది. మీరు 'డైట్ మార్చి చూశాం, లాభం లేదు' అని రాశారు. కిందనే పెరుగన్నం, గుడ్డు, మధ్యలో బిస్కెట్లు అనీ రాశారు. అది డైట్ ట్రయల్ కాదండీ. ప్లేట్లో కొత్త తిండి పెట్టి, పొద్దున నానమ్మగారు ఇడ్లీ ముక్క, సాయంత్రం వాచ్‌మన్ గ్లూకోజ్ బిస్కెట్ పెడితే ఏం పరీక్షించినట్టు? ఈ రోజు నుంచే మొదలుపెట్టండి. హైడ్రలైజ్డ్ ప్రోటీన్ ఫుడ్ (ప్రోటీన్‌ను ముందే చిన్న ముక్కలుగా విడగొట్టిన తిండి) కొనగలిగితే అది, అందులోనూ కొవ్వు తక్కువున్నది చూసి. లేదంటే చర్మం, కొవ్వు తీసేసిన చికెన్ బ్రెస్ట్ ఉడకబెట్టి అన్నంతోనో ఆలుగడ్డతోనో. నెయ్యి, నూనె, పచ్చసొన, పెరుగు, పాలు అన్నీ బంద్. ఇంట్లో వండేది కొద్ది వారాలకే పనికొస్తుంది, ఎక్కువకాలం పెట్టాలంటే కాల్షియం, విటమిన్లు లెక్కగట్టి కలపాలి.

మామూలు ఆల్బుమిన్ ఉన్న కుక్కయితే ఈ తిండి మీదే రెండు వారాలు ఉంచి, తగ్గితే స్కోప్ వద్దనే వాణ్ని. మీ వాడికి అంత వ్యవధి ఇవ్వలేను. 2 కంటే తక్కువ ఆల్బుమిన్ ఉన్న కుక్కలు కోలుకునే అవకాశం మిగతావాటి కంటే తక్కువ. ప్రోటీన్‌తో పాటు రక్తం గడ్డకట్టకుండా కాపాడే పదార్థాలు కూడా పేగు గుండా పోతాయి, దాంతో ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికి రావచ్చు. కాబట్టి తిండి మొదలుపెట్టండి, అదే రోజు స్కోప్‌కు తేదీ కూడా తీసుకోండి. పది పన్నెండు రోజుల్లో ఆల్బుమిన్ స్పష్టంగా పెరిగితే తేదీ వాయిదా వేయడం మీ డాక్టరుగారి చేతిలో పని. పొట్టలో నీరు చేరినా, ఆల్బుమిన్ ఇంకా పడినా ఆగకండి.

స్టెరాయిడ్ ముందు ఎందుకు వద్దంటున్నానో వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ఎక్కువగా జరిగేది అదే. ప్రెడ్నిసొలోన్ వేస్తే నాలుగు రోజుల్లో కుక్క లేచి తింటుంది, ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. మామూలు వాపుకూ అది పనిచేస్తుంది, లింఫోమా అనే క్యాన్సర్‌కూ కొన్నాళ్లు పనిచేస్తుంది. అందుకే తగ్గిందన్న మాట మనకేమీ చెప్పదు. నెల తర్వాత మళ్లీ దిగజారినప్పుడు బయాప్సీ తీస్తే, అప్పటికే మందు క్యాన్సర్ కణాలను చాలావరకు తగ్గించేసి ఉంటుంది. స్లైడ్ మీద 'మధ్యస్థమైన వాపు' అని వస్తుంది. పైగా స్టెరాయిడ్‌కు అలవాటుపడిన లింఫోమా ఆ తర్వాత ఇచ్చే కీమోకు కూడా సరిగ్గా లొంగదు. ఒకవేళ మీ ఊరికి అందుబాటులో స్కోప్ లేకపోయినా, ఖర్చు మోయలేకపోయినా అది తప్పేం కాదు. అప్పుడు కనీసం అల్ట్రాసౌండ్ చూస్తూ పొట్టలోని లింఫ్ గ్రంథి నుంచి సూదితో కణాలు తీయించి, క్యాన్సర్ లేదని వీలైనంత చూసుకుని, ఆ తర్వాత స్టెరాయిడ్ మొదలుపెట్టమనండి.

స్కోప్ ఏం చేయగలదో, ఏం చేయలేదో తెలుసుకుంటే మీ టెన్షన్ సగం తగ్గుతుంది. సుమారు 8 నుంచి 10 మిల్లీమీటర్ల మందం, మీటరు పైన పొడవున్న మెత్తటి గొట్టం అది. చివర కెమెరా, లైటు, మధ్యలో ముక్క తీసే ఫోర్సెప్స్ (సన్నని పటకారు) వెళ్లడానికి సన్నని దారి. నోట్లోంచి వెళ్తే ఆహారనాళం, కడుపు, చిన్నపేగు మొదటి భాగం వరకు చేరుతుంది. మలద్వారం నుంచి వెళ్తే పెద్దపేగు అంతా చూసి, చిన్నపేగు చివరి భాగం ఇలియంలోకి తొంగిచూడొచ్చు. మధ్యలో ఉన్న పేగు, అంటే చిన్నపేగులో అత్యధిక భాగం, దానికి అందదు. ఇంకో పరిమితి, ముక్క లోపలి పొర నుంచే వస్తుంది. కండర పొరలో పెరిగే గడ్డలను అది పట్టుకోలేదు. అలాంటి అనుమానముంటే పొట్ట తెరిచి పేగు గోడ మొత్తం మందంలో ముక్క తీయాలి. ఆల్బుమిన్ 1.8 ఉన్న కుక్కకు పేగు కోసి కుట్లు వేస్తే ఆ కుట్లు మానకుండా విడిపోతాయేమోనన్న భయం ఉంటుంది. మీ అల్ట్రాసౌండ్‌లో మధ్యపేగులో గడ్డ లేదు కాబట్టి స్కోప్‌తోనే వెళ్లడం మేలు.

పై నుంచీ కింద నుంచీ రెండు వైపులా చేయమని అడగండి. చిన్నపేగు మొదట్లో మామూలుగా ఉండి ఇలియంలో జబ్బు బయటపడ్డ కుక్కలు తక్కువేం కాదు. దానికి తయారీ ఎక్కువ. పైవైపు ఒక్కటే అయితే రాత్రి నుంచి పస్తు చాలు. కిందివైపు కూడా అయితే ఒకటి, ఒకటిన్నర రోజు తిండి ఆపి, పేగు కడిగే పాలీఇథిలీన్ గ్లైకాల్ ద్రావణం పట్టించి, గోరువెచ్చటి నీళ్లతో ఎనిమా ఇవ్వాలి. ఇంత నీరసంగా ఉన్న కుక్కను అంతసేపు ఇంట్లో పస్తుంచకండి, ముందురోజే ఆస్పత్రిలో చేర్చి సెలైన్ మీద పెట్టమనండి. అల్సర్‌కు పూతలా పనిచేసే సుక్రాల్ఫేట్ సిరప్ ఇస్తుంటే ఎప్పుడు ఆపాలో అడగండి. అది గోడకు అంటుకుని ఏమీ కనిపించనివ్వదు. బేరియం ఎక్స్‌రే తీయించాక వెంటనే స్కోప్ కుదరదు.

మత్తు పూర్తి మత్తే. గొంతులో గొట్టం వేసి, ఐసోఫ్లూరేన్ గ్యాస్ మీద, ఎడమపక్కకు పడుకోబెట్టి చేస్తారు. రెండు వైపులా కలిపి గంట, గంటన్నర పట్టొచ్చు. ఆల్బుమిన్ తక్కువున్నవాడికి మత్తు మందు మోతాదు, సెలైన్ రెండూ జాగ్రత్తగా ఇవ్వాలి. అందుకే మత్తు చూసుకోవడానికి, బీపీ, ఆక్సిజన్ గమనించడానికి వేరే మనిషి ఉంటారా అని ముందే అడగండి. స్కోప్ వేసే డాక్టరే మత్తు కూడా చూసుకుంటానంటే నేనైతే ఒప్పుకోను. పేగుకు చిల్లు పడటం అనుభవజ్ఞుల చేతుల్లో అరుదు.

ఇప్పుడు ముక్కల సంగతి. అసలు సమాధానం ఉండేది ఇక్కడే. స్క్రీన్ మీద పేగు గులాబీరంగులో నునుపుగా కనిపించినంత మాత్రాన జబ్బు లేనట్టు కాదు, ఎర్రగా కనిపించినంత మాత్రాన ఉన్నట్టూ కాదు. పైకి కనిపించేదానికీ స్లైడ్ మీద తేలేదానికీ చాలాసార్లు పొంతన ఉండదు. 'అంతా బాగుంది, బయాప్సీ అక్కర్లేదు' అని బయటికి వచ్చేస్తే మత్తు ఇచ్చిన ఫలితం పోయినట్టే. ఒక్క మినహాయింపు, పేగు నుంచి కొవ్వును మోసే లింఫ్ నాళాలు ఉబ్బే జబ్బులో చిన్నపేగు గోడ నిండా తెల్లటి చుక్కలు కనిపిస్తాయి, అది చూడగానే అనుమానం వస్తుంది. అప్పుడు కూడా ముక్క తీయాల్సిందే.

ముక్క నువ్వుగింజంత ఉంటుంది. ఫోర్సెప్స్‌ను గోడకు అడ్డంగా జార్చకుండా నిటారుగా ఆనించి తీస్తే విల్లై (పేగు లోపలి పొర మీద వేళ్లలా ఉండే సన్నని మొనలు), వాటి కింది గ్రంథులు రెండూ ఒకే ముక్కలో వస్తాయి. పక్కవాటుగా గీకితే విల్లై మొనలు మాత్రమే వస్తాయి, వాటితో పాథాలజిస్ట్ ఏమీ చెప్పలేరు. ఒక్కో చోట కనీసం ఆరు మంచి ముక్కలు కావాలి, నాసిరకంగా వస్తుంటే పది పదిహేను తీయాలి. అల్సరో గడ్డో కనిపిస్తే నడిమధ్యలో తీస్తే చచ్చిన కణజాలమే వస్తుంది, చిల్లు పడే ప్రమాదమూ ఉంటుంది. అంచుల నుంచి తీయాలి. తీసినవాటిని పొడి గాజుగుడ్డ మీద ఆరబెట్టకూడదు, సూదితో నలపకూడదు. తడి స్పాంజి మీద సరైన దిశలో పరిచి, కడుపుది ఒక సీసా, చిన్నపేగుది ఒకటి, ఇలియంది ఒకటి, పెద్దపేగుది ఒకటి, పేరు రాసి 10 శాతం ఫార్మలిన్‌లో వేయాలి. అన్నీ ఒకే సీసాలో పడేసి పంపితే ఏది ఎక్కడిదో చెప్పేవాళ్లుండరు. ఈ ఒక్క పని దగ్గర అజాగ్రత్త వల్ల ఎన్నో కుక్కలకు మళ్లీ మత్తు ఇవ్వాల్సి వస్తుంది, నాకు బాధ కలిగించేది ఇదే.

సీసాలు ఎక్కడికి వెళ్తున్నాయో అడగండి. మనుషుల ల్యాబుకు కాదు, వెటర్నరీ పాథాలజిస్ట్ దగ్గరికే వెళ్లాలి. ప్రపంచ చిన్న జంతువుల పశువైద్యుల సంఘం, డబ్ల్యు.ఎస్.ఎ.వి.ఎ., పేగు బయాప్సీలు ఎలా చదవాలో 2008లో ఒక నమూనా ఇచ్చింది. ఆ పద్ధతిలో రిపోర్ట్ రాస్తే ఎన్ని ముక్కలు పనికొచ్చాయో, విల్లై ఎంత పొట్టిపడ్డాయో, లింఫ్ నాళాలు ఉబ్బాయో లేదో విడివిడిగా తెలుస్తుంది. సీసాలతో పాటు జాతి, వయసు, ఆల్బుమిన్, వాడిన మందులు, అల్ట్రాసౌండ్ అన్నీ రాసి పంపమనండి.

మీ ప్రశ్నకు నేరుగా సంబంధం లేకపోయినా ఇంకో రెండు విషయాలు రాస్తాను, ఎందుకంటే మన ఊళ్లలో స్కోప్ నిజంగా ప్రాణం నిలబెట్టేది వీటిలోనే. మొదటిది స్పైరోసెర్కా అనే పురుగు. పేడపురుగులను తిన్న కుక్కకు, బల్లుల్ని పట్టి తిన్నదానికి, చికెన్ షాపు దగ్గర పచ్చి పేగులు తినే అలవాటున్నదానికి ఈ పురుగు సోకొచ్చు. అది రక్తనాళాల గోడల గుండా పాకి ఆహారనాళం చివర్లో గడ్డ కడుతుంది. కుక్క తిన్నది తిన్నట్టు కక్కేస్తుంటుంది, యజమాని వాంతి అనుకుని గ్యాస్ మాత్రలు వేస్తుంటారు. మలంలో దాని గుడ్లు చాలాసార్లు దొరకవు. స్కోప్ గుండె దాటి కిందికి వెళ్లగానే ఆహారనాళం గోడ నుంచి నునుపైన బుడిపె లోపలికి పొడుచుకొచ్చి ఉంటుంది, కొన్నిసార్లు దాని నడినెత్తిన చిన్న రంధ్రంలోంచి ఎర్రటి పురుగు తోక బయటికి కనిపిస్తుంది. ఆ దశలో డోరామెక్టిన్ ఇంజెక్షన్లతో కుదించవచ్చు. కోలీ జాతులకు ఆ మందు ప్రమాదం, కాబట్టి డాక్టరు చెప్పకుండా వాడకండి. అదే బుడిపె ఎగుడుదిగుడుగా, పుండుపడి ఉంటే క్యాన్సర్‌గా మారిందని అనుమానించాలి.

రెండోది ఒక ముక్కులోంచే రక్తం కారడం. ముందు ప్లేట్‌లెట్లు, టిక్ ఫీవర్ చూడాలి. అవి బాగుంటే ముక్కులోకి స్కోప్. వీధి నుంచి తెచ్చుకున్న కుక్కల్లో జత కట్టేటప్పుడు, వాసన చూసేటప్పుడు అంటుకునే టి.వి.టి. గడ్డ ముక్కులో కూడా వస్తుంది. ముఖం వాచి, కన్ను పొడుచుకొచ్చినట్టుండే ఆ కుక్కను చూసి క్యాన్సర్ అని వదిలేసుకోబోయిన వాళ్లను చాలామందిని చూశాను. గడ్డ నుంచి తీసిన కణాలను స్లైడ్ మీద చూస్తే తేలిపోతుంది. వారానికోసారి విన్‌క్రిస్టిన్ చొప్పున ఎక్కువ కుక్కలకు నాలుగు నుంచి ఆరు వారాల్లో నయమైపోతుంది.

ఇక పెద్దవాళ్ల భయం. పేగు లోపలి పొర నుంచి నువ్వుగింజంత ముక్క తీస్తే జబ్బు పాకదు, ధైర్యంగా చెప్పండి. ఆ భయానికి ఆధారమున్న చోటు కూడా ఉంది. మూత్రాశయంలో గడ్డ ఉన్నప్పుడు పొట్ట బయటి నుంచి సూది గుచ్చితే ఆ దారిలో కణాలు అంటుకుని పెరిగిన కేసులున్నాయి, అందుకే అక్కడ అలా గుచ్చరు. పేగు బయాప్సీకి దానికీ సంబంధం లేదు.

రిపోర్ట్ సాధారణంగా వారం పది రోజుల్లో వస్తుంది. 'లింఫోప్లాస్మసైటిక్ ఎంటరైటిస్' అని ఉంటే అది జబ్బు పేరు కాదు, పేగు గోడలో ఏ కణాలు చేరాయో చెప్పే వర్ణన మాత్రమే. కారణం తిండా, మరొకటా అన్నది వైద్యానికి ఎలా స్పందిస్తుందో చూసి తేల్చుకోవాలి. లింఫ్ నాళాలు ఉబ్బాయని వస్తే కొవ్వు లేని తిండే ప్రధాన వైద్యం, కొన్ని కుక్కలకు అదొక్కటే చాలుతుంది. కడుపు ముక్కల్లో మెలికల బ్యాక్టీరియా కనిపించిందని రాస్తే కంగారుపడకండి, ఆరోగ్యంగా ఉన్న కుక్కల కడుపుల్లో కూడా అవి ఉంటాయి. వాపా, లింఫోమానా తేల్చలేకపోతున్నామని వస్తే అదే ముక్కల మీద కణాల రకం చెప్పే సి.డి.3, సి.డి.20 రంగుల పరీక్ష అడగండి, కుక్కను మళ్లీ పడుకోబెట్టక్కర్లేదు. బాక్సర్, ఫ్రెంచ్ బుల్‌డాగ్ ఉన్నవాళ్లు ఎవరైనా చదువుతుంటే ఒక మాట: రక్తంతో విరేచనాలవుతుంటే బయాప్సీ లేకుండా ఎన్రోఫ్లాక్సాసిన్ వేయించకండి. ఆ జాతుల్లో పెద్దపేగు గోడలోకి చొరబడే ఈ.కొలై జబ్బుకు అదే ముఖ్యమైన మందు, అరకొరగా వాడితే బ్యాక్టీరియా దానికి లొంగకుండా పోతుంది.

స్కోప్ కోసం పెద్ద ప్రైవేటు పెట్ హాస్పిటళ్లతో పాటు వెటర్నరీ కాలేజీలనూ అడగండి. హైదరాబాద్ రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం కాలేజీలు ఉన్నాయి, చెన్నైకి దగ్గర్లో ఉంటే మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఉంది. పరికరం ఉందా, ఈ వారం పనిచేస్తోందా, రెండు వైపులా చేస్తారా అని ఫోన్ చేసి కనుక్కున్నాకే బయల్దేరండి. బిల్లులో మత్తు, స్కోప్, ల్యాబ్ ఖర్చు విడివిడిగా చెప్పమనండి.

అయ్యాక ఆ సాయంత్రమో మర్నాడో ఇంటికి పంపిస్తారు. మొదటి విరేచనంలో కొద్దిగా రక్తపు చార కనిపించడం మామూలే. పొట్ట ఉబ్బి గట్టిగా ఉన్నా, ముట్టుకుంటే మూలిగినా, చిగుళ్లు తెల్లబడినా, రక్తం వాంతి చేసుకున్నా, ఊపిరి ఎగపోస్తున్నా తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే తీసుకెళ్లండి. స్టెరాయిడ్ అవసరమైతే ముక్కలు సీసాలో పడ్డ మర్నాటి నుంచి మొదలుపెట్టొచ్చు, రిపోర్ట్ వచ్చేదాకా కుక్కను ఇబ్బంది పెట్టక్కర్లేదు. బి12, కార్టిసాల్ అంకెలు రాగానే ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.